మంచుబండి ఇంజన్ అప్పటికే వెచ్చగా ఉంది

అమలాపురంలో నా షెడ్డు ముందు టీ తాగినవాళ్లందరికీ మంచుబండి కథ తెలుసు. కువైట్ ఎడారిలో ఒక ఆసామీ మంచు మీద నడిచే బండి కొనడం, అది ఇసుక దిబ్బ మీద ప్రాణం విడవడం, దాన్ని నీళ్ల ట్యాంకరుకు కట్టి లాక్కురావడం నేను నటించి చూపిస్తే జనం కడుపు పట్టుకుని నవ్వేవారు. ఇన్నేళ్లలో ఒక్కరు కూడా "కొనేముందు ఆ బండిని ఎవరూ పరీక్ష చేయించలేదా అండీ?" అని అడగలేదు. అడగలేదు కదా అని నేనూ చెప్పలేదు.

చేయించారు. పరీక్ష చేసిన మెకానిక్కుని నేనే.

ఈమధ్య మోకాళ్లు సహకరించక షెడ్డు మా చెల్లెలి కొడుక్కి అప్పజెప్పాను. యాభై దాటిన మెకానిక్కుకి బండి కింద పడుకోవడం తేలికే, లేవడమే కష్టం. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని ఉంటే గల్ఫ్ వెళ్లే కుర్రాళ్లు వచ్చి అక్కడ పని ఎలా ఉంటుందని అడుగుతున్నారు. వీసా సంగతి, జీతం సంగతి ఏజెంటు చెబుతాడు, సగం అబద్ధమైనా చెబుతాడు. పని సంగతి నేను రాస్తాను.

అరచెయ్యి

డెబ్బైల చివర్లో నేను వెళ్లేనాటికి నాకు తెలిసినవి రైసుమిల్లు ఇంజన్లు, బస్సులు, మా డాక్టరుగారి స్కూటరు. షువైఖ్‌లో వరసగా గ్యారేజీలుండే వీధిలో ఒకదాంట్లో చేరాను. మా మేస్త్రీ సమీర్ అనే ఈజిప్టు ఆయన. అక్కడ మేస్త్రీని ఉస్తా అంటారు. ఉస్తా సమీర్‌కి పెద్ద పొట్ట, చిన్న రేడియో. రేడియోలో పాట వస్తున్నంతసేపు ఎవరినీ తిట్టడు. వార్తలు మొదలైతే మేమంతా బండ్ల కిందికి దూరేవాళ్లం.

మరమ్మతు కంటే మాకు ఎక్కువగా వచ్చే పని పాత బండ్లు చూసి పెట్టడం. ఒకడు అమ్ముతాడు, ఒకడు కొంటాడు, మధ్యలో మేం బాగుందనో బాగాలేదనో చెప్పాలి. ఇది మరమ్మతు కంటే కష్టం. మరమ్మతులో ఇంజన్ ఒక్కటే మనల్ని మోసం చేస్తుంది. ఇక్కడ మనిషి కూడా చేస్తాడు.

ఉస్తా నాకు మొదట నేర్పింది తాళం తిప్పకముందే బానెట్ ఎత్తి ఇంజన్ మీద అరచెయ్యి పెట్టడం. చల్లటి ఇంజన్ మొదటిసారి అందుకునేటప్పుడే, అంటే స్టార్టయ్యేటప్పుడే, దాని రోగమంతా బయటపడుతుంది. అందుకే లోపమున్న బండి అమ్మేవాడు మనం వెళ్లేలోపే దాన్ని కాసేపు తిప్పి ఉంచుతాడు. వేడెక్కిన ఇంజన్ మర్యాదగా అందుకుంటుంది. "ఇంజన్ వెచ్చగా ఉంటే వెళ్లి టీ తాగు. చల్లారాక రా. అమ్మేవాడు వద్దంటే ఇక రావొద్దు," అనేవాడు ఉస్తా. కువైట్ ఎండలో నిలబెట్టిన బండి ఎలాగూ కాలుతూనే ఉంటుంది కనక, నీడలో పెట్టించి పొద్దున్నే చూడమనేవాడు.

రెండో పాఠం ఒక టాక్సీ మీద నేర్చుకున్నాను. గేర్లు వెన్నలా పడుతున్నాయని నేను ఆ టాక్సీని తెగ మెచ్చుకున్నాను. ఉస్తా గేర్‌బాక్సు నూనె దింపించాడు. నూనెతోపాటు రంపపు పొట్టు కారింది. పళ్లరిగిన గేర్ల మోత వినపడకుండా అమ్మేవాడు పొట్టు నింపాడు.

"ఇది గేర్‌బాక్సా, వడ్రంగి కొట్టా?" అన్నాడు ఉస్తా. అప్పుడు రేడియోలో వార్తలు వస్తున్నాయి. తర్వాత నన్ను కొనేవాడి ముందు నిలబెట్టి "మా అద్రి" అనిపించాడు. నాకు తెలియదు అని అర్థం. నేను గొణిగితే కుదరదన్నాడు. "అరబీలో మెకానిక్కు నేర్చుకోవాల్సిన మొదటి మాట ఇదే. గట్టిగా అను."

అన్నాను. నా ఖర్మ, ఆ మాట అవసరమైన రోజున మళ్లీ నోటికి రాలేదు.

దజీజ్ గోడౌన్‌లో

ఓబులేసుది కడప వైపు. జహ్రాలో బూ ఫహద్ అనే కువైటీ పెద్దమనిషి ఇంట్లో డ్రైవరు. అక్కడి పద్ధతిలో ఇంటావిడని మామా అని, అంటే అమ్మ అని, ఆయన్ని బాబా అని పిలిచేవాడు. వాళ్ల కారు సర్వీసుకు మా గ్యారేజీకే వచ్చేది. పడవంత అమెరికా కారు. దాన్ని ఓబులేసు రోజుకు రెండుసార్లు తుడిచేవాడు.

"మా నాయన గొర్లు కాసినాడు, మా తాత కాసినాడు. నేను మాత్రం గొర్లు కాయనని మొక్కుకొని వచ్చినా న్నా ఈడికి. ఇంగ ఈ స్టీరింగు నా చేతిలో నుంచి దేవుడొచ్చినా పీక్కోలేడు," అనేవాడు.

దేవుడు రాలేదు. నేనొచ్చాను.

ఎనభైల మొదట్లో ఒక చలికాలం ముందు సంగతి. చలికాలంలో కువైటీలు ఎడారిలో గుడారాలు వేసుకుని కుటుంబాలతో ఉంటారు. పిల్లలు, పెద్దలు ఇసుక మీద మూడు చక్రాల బండ్లు తిప్పుతారు. బూ ఫహద్ పినతండ్రి కొడుకులందరికీ ఆ బండ్లున్నాయి. ఆయనకు ఎవరికీ లేనిది కావాలి. దజీజ్‌లో ఒక గోడౌన్ యజమాని దగ్గర అలాంటిది ఉందని తెలిసి, ఓబులేసుతో "మీ మెకానిక్కుని తీసుకురా" అన్నాడు. ఓబులేసు నన్ను తీసుకెళ్లాడు. నా పూచీ తనదన్నట్టు బాబా ముందు ఛాతీ విరుచుకుని నడిచాడు.

గోడౌన్ మూల గుడ్డ కప్పి ఉంది. యజమాని గుడ్డ లాగాడు. పసుపుపచ్చ బండి. ముందు చక్రాలు లేవు, చెక్క చెప్పుల్లాంటివి రెండున్నాయి. వెనకా చక్రాలు లేవు, యుద్ధ ట్యాంకుకున్నట్టు వెడల్పాటి రబ్బరు పట్టా ఉంది. దాన్ని స్నోమొబైల్ అంటారని నాకు తర్వాత తెలిసింది.

ఓబులేసు నా చెవి దగ్గర, "న్నా, దీనికి చక్రాలు యాడ?" అన్నాడు.

"ఉంటాయిలే, లోపల," అన్నాను నేను.

నా నిజాయితీ అక్కడే సగం పోయింది.

అలవాటుగా మూత ఎత్తి ఇంజన్ మీద అరచెయ్యి పెట్టాను. పొద్దున్న వేళ. సిమెంటు నేల చల్లగా ఉంది, గోడ చల్లగా ఉంది, బండి హ్యాండిల్ చల్లగా ఉంది. ఇంజన్ మాత్రం పొయ్యి మీంచి అప్పుడే దించిన పాలగిన్నెలా ఉంది.

చెయ్యి తీయబోతుంటే గోడౌన్ యజమాని కుర్చీ లాగి "తఫద్దల్, యా ముహందిస్!" అన్నాడు. దయచెయ్యండి ఇంజనీరుగారూ అని. టీ తెప్పించాడు. నాకు ముందు ఇచ్చి, తర్వాత బూ ఫహద్‌కి ఇచ్చాడు. మా వంశంలో ఇంజనీరుగారని పిలిపించుకున్నవాడు ఒక్క మా బాబాయే, ఆయనా ఓవర్సీరు. ఆ క్షణంలో మా బాబాయిని దాటిపోయాను. కొనేవాడూ, అమ్మేవాడూ, ఓబులేసూ ముగ్గురూ నా ముఖంకేసి చూస్తున్నారు. ఇంజన్ వెచ్చగా ఉందని చెప్పాలి, ఇలాంటి బండిని నేను జన్మలో చూడలేదని కూడా చెప్పాలి. అవి రెండూ చెబితే కుర్చీలోంచి లేచిపోవాల్సిందే. టీ చాలా బాగుంది.

యజమాని స్టార్టు చేసే తాడు ఒక్క లాగు లాగితే ఇంజన్ అందుకుంది. గుప్పున తెల్లటి పొగ. "రెండు స్ట్రోకుల ఇంజన్ కదా, పొగ ఉంటుంది. ముహందిస్‌కి తెలియందా," అన్నాడు యజమాని. స్కూటర్లు చూసినవాణ్ని కనక తెలిసినట్టు తలాడించాను.

బూ ఫహద్ నావైపు తిరిగాడు.

"తమామ్," అన్నాను. అంతా బాగుందని.

దిబ్బ మీద

రెండు స్ట్రోకుల ఇంజన్‌కి పెట్రోలులోనే నూనె కలపాలి. ఎంత కలపాలో నేనే ఓబులేసుకి చూపించి, డబ్బా మీద మేకుతో గీత గీసి ఇచ్చాను. అతను ఆ గీతకు పైకీ కిందికీ పోకుండా పసిపిల్లకు మందు పోసినట్టు పోసేవాడు.

శుక్రవారం నాడు గుడారం దగ్గరికి నన్నూ పిలిచారు. ఇంజనీరుగార్ని కదా. దిబ్బ కింద చుట్టాలందరూ తివాచీల మీద కూర్చున్నారు. పక్కనే గొర్రెల దొడ్డి. పొద్దుటి చలి ఎముకల్లోకి దిగుతోంది, బండి అందుకోలేదు. ఓబులేసు లాగాడు, నేను లాగాను, బూ ఫహద్ తలగుడ్డ తీసి పక్కన పెట్టి లాగాడు. ఆయన పినతండ్రి కొడుకులు ఒకరొకరే వచ్చి తాడు మీద ఒక చెయ్యి వేసి వెళ్లారు. నాకప్పుడు విషయం పూర్తిగా తెలిసిపోయింది. తెలిసినవాణ్ని కనక, టీ కాచే నిప్పుల పళ్లెం తెప్పించి ఇంజన్‌కి కాస్త ఎడంగా పెట్టించాను. గోడౌన్ యజమాని చేసిన మోసాన్ని రెండోసారి నేను చేశాను.

వేడి తగిలాక అందుకుంది. బూ ఫహద్ తలగుడ్డ కట్టుకుని ఎక్కాడు. బండి పొగలు కక్కుతూ దిబ్బ ఎక్కుతుంటే చప్పట్లు, కేకలు. శిఖరానికి ఇంకాస్త దూరం ఉందనగా లోపల కుక్కర్లో రాళ్లు పోసి తిప్పినట్టు ఒక మోత వచ్చి ఆగిపోయింది. బండి ఒక నిమిషం ఆలోచించుకుంది. తర్వాత బూ ఫహద్‌ని మోసుకుంటూ వెనక్కి జారడం మొదలుపెట్టింది. దాని జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ వెళ్లి ఉండదు. వచ్చి వచ్చి గొర్రెల దొడ్డి కంచె విరగ్గొట్టుకుని మధ్యలో ఆగింది. గొర్రెలు నాలుగు దిక్కులకీ పోయాయి. ఆయన హ్యాండిల్ పట్టుకుని అలాగే హుందాగా కూర్చున్నాడు.

"బూ ఫహద్! మంచు పడ్డాక మళ్లీ ప్రయత్నించు!" అని అరిచాడు ఒక చుట్టం.

ఆ తర్వాత నీళ్ల ట్యాంకరు వచ్చింది. ఆ భాగం మీకు తెలిసిందే.

రెండో మాట

జహ్రాలో ఇంటి వెనక ఇంజన్ విప్పాను. పిస్టన్ చుట్టూ ఇనప దువ్వెనతో గీసినట్టు చారలు. సిలిండర్ లోపల మెత్తటి ఇసుక, నల్లటి చిక్కటి నూనెతో కలిసి చలిమిడిలా ఉంది. దానికి ఎయిర్ ఫిల్టరే లేదు. మంచు మీద దుమ్ము ఉండదు కనక తయారుచేసినవాళ్లు పెట్టలేదు. అంతకుముందు ఎవరో దాన్ని ఇసుకలో తిప్పి నాశనం చేశారు. మేం చూడ్డానికి వెళ్లిన రోజు ప్లగ్గు విప్పి లోపల చిక్కటి నూనె పోసి, తిప్పి, వేడి చేసి ఉంచారు. అరిగిన ఇంజన్ ఆ నూనెతో కాసేపు బలం ఉన్నట్టు నటిస్తుంది. నిజం చెప్పాలంటే కొత్త ఇంజన్ ఉన్నా అది ఆ ఇసుకలో ఎక్కువ కాలం బతకదు. కానీ మొదటి రోజే చచ్చిందంటే కారణం ఇదే.

బూ ఫహద్ వచ్చి నిలబడ్డాడు. చుట్టాల నవ్వు ఇంకా ఆయన చెవుల్లో ఉంది. "ఎవరి తప్పు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు ఓబులేసు ముందుకొచ్చి, "బాబా, నేనే నూనె తక్కువ పోసినానేమో," అన్నాడు. అడక్కుండానే. ఏ గొడవ జరిగినా తప్పు తనదేనేమోనని ముందే ఒప్పుకునే రకం మనిషి.

బూ ఫహద్ నాకేసి చూశాడు. "నిజమేనా ముహందిస్?"

నూనె చాలకపోయినా పిస్టన్ మీద చారలు పడతాయి. కాబట్టి పుస్తకం ప్రకారం నేను అబద్ధం చెప్పలేదు.

"ముమ్కిన్," అన్నాను. అయ్యుండొచ్చు.

బూ ఫహద్ చెయ్యి చాపాడు. ఓబులేసు జేబులోంచి కారు తాళం తీసి ఆ చేతిలో పెట్టాడు. ఆయన దొడ్డివైపు వేలు చూపించి "ఖలాస్, కారు వద్దు. గొర్రెలు," అన్నాడు.

పెరుగు

ఆ చలికాలమంతా ఓబులేసు ఎడారిలో గొర్రెలు కాశాడు. నేను శుక్రవారాలు ఆవకాయ తీసుకుని వెళ్లేవాణ్ని. తల చుట్టూ కంబళి, చేతిలో కర్ర, చుట్టూ గొర్రెలు.

"ఇదే పని మా ఊర్లో చేస్తే మా నాయన మెచ్చుకుంటా ఉండె గదన్నా. దీనికి ఇమానమెక్కి రావాల్నా?" అని తనే నవ్వేవాడు. తర్వాత నవ్వు ఆపి, "గీత కాడికే పోసినా న్నా. కండ్లారా సూసి పోసినా. ఎట్ల తక్కువైండునో ఏమో," అనేవాడు.

నేనేమనేవాణ్నో రాయడానికి చెయ్యి ఆడటం లేదు. "పోనీలే తమ్ముడూ, పొరపాట్లు అందరికీ జరుగుతాయి. నేనేం మనసులో పెట్టుకోలేదులే," అనేవాణ్ని.

అవును. అతన్ని నేను క్షమించాను.

ప్రతిసారీ తిరిగి వెళ్లేటప్పుడు గొర్రె పాలతో తోడేసిన గట్టి పెరుగు డబ్బాలో పెట్టి ఇచ్చేవాడు. కోనసీమవాడికి గట్టి పెరుగు దొరికితే కువైట్‌లో ఇంకేం కావాలి. తినేవాణ్ని. ఒక శుక్రవారం డబ్బా చేతిలో పెడుతూ అన్నాడు: "ఆపొద్దు నువ్వు బాబాకు సర్ది సెప్పబట్టే నన్ను ఊరికి పంపియ్యలా న్నా. నాకు ఎరికే. ఈ పెరుగు అందుకే. నీ రుణం యాడ తీర్చుకునేది?"

నేను ఎవరికీ ఏమీ సర్దిచెప్పలేదు. ఆ డబ్బా బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మూత తీయలేకపోయాను. గదిలో మావాళ్లు అన్నం తింటూ, డబ్బా తెరవవేం, పెరుగు పులిసిపోయిందా అని అడిగారు.

చలి తగ్గుతోంది. గుడారాలు పీకేస్తే గొర్రెల్ని జహ్రా అవతల పెద్ద దొడ్డికి తోలేస్తారు, ఓబులేసు కూడా వాటితోనే. బూ ఫహద్ కొత్త డ్రైవరుకు వీసా తీస్తున్నాడని ఇంట్లో వంటమనిషి చెప్పింది. కొత్తవాడు దిగితే ఇక ఓబులేసు చేతికి స్టీరింగు రాదు.

దీవానియాలో

కువైటీల ఇళ్లల్లో మగవాళ్లు సాయంత్రాలు కూర్చునే గదిని దీవానియా అంటారు. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ఒక సాయంత్రం బూ ఫహద్ దీవానియాకి వెళ్లి చివర్లో కూర్చున్నాను. దిబ్బ కింద నవ్విన చుట్టాలంతా అక్కడే ఉన్నారు. చిన్న కప్పులో కాఫీ పోశారు. చాలనుకుంటే కప్పు అటూ ఇటూ ఊపి ఇవ్వాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. నాకు తెలుసు. కానీ చెప్పాల్సిన మాటలు పేర్చుకుంటూ ఊపడం మర్చిపోయాను. నేను నోరు తెరిచినప్పుడల్లా కప్పు నిండేది. తాగేవాణ్ని. మళ్లీ నిండేది. ఆఖరికి ఒక చుట్టం, "ఈ ముహందిస్ మన కాఫీ అంతా తాగడానికొచ్చాడు," అన్నాడు.

కప్పు కింద పెట్టేసి లేచి నిలబడ్డాను.

"ఆ రోజు గోడౌన్‌లో ఇంజన్ వెచ్చగా ఉంది. ముందే తిప్పి ఉంచారని నాకు అర్థమైంది. చెప్పలేదు. ఆ బండిని అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. అదీ చెప్పలేదు. డ్రైవరు నూనె సరిగ్గానే కలిపాడు. నేను ఇంజనీరుని కాను. తప్పు నాది," అన్నాను, వచ్చినంత అరబీలో, రానిచోట హిందీలో.

బూ ఫహద్ తన కప్పు కూడా కింద పెట్టాడు. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"మా అద్రి," అన్నాను. ఆ మాట ఆఖరికి వచ్చింది.

"మరి ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

"పెరుగు పెట్టాడు," అన్నాను.

గది పగిలిపోయేలా నవ్వారు. బూ ఫహద్ మాత్రం నవ్వలేదు. "బండి పోతే పోయింది. నేను ఒక మంచివాడి చేతిలోంచి తాళం తీసుకున్నాను. అది నాచేత నువ్వు చేయించావు," అన్నాడు. ఇన్ని ఉద్యోగాల్లో, ఇంతమంది యజమానుల దగ్గర, అంత సూటిగా నన్ను ఎవరూ కొట్టలేదు. తర్వాత కారు తాళం తీసి పక్కనున్న పెద్ద కొడుకు చేతికిచ్చి, ఓబులేసుకి ఇమ్మన్నాడు. మళ్లీ నావైపు తిరిగాడు. "శుక్రవారం గొర్రెల్ని లారీ ఎక్కించాలి. డ్రైవరు ఎక్కించడు. నువ్వు ఎక్కిస్తావు."

కుర్రాళ్లకి ఒక మాట. మీకు తెలియని బండి ఎదురైతే తెలియదనండి. కుర్చీ పోతుంది, అంతే. నేను ఆ కుర్చీ కోసం ఇంకొకడి స్టీరింగు ఇచ్చేశాను. ఇంజన్లు పాడుచేసినవాళ్లని చాలామందిని చూశాను, వాళ్లలో చెడ్డవాళ్లు తక్కువ. గొప్పగా కనిపించాలనుకున్నవాళ్లే ఎక్కువ.

శుక్రవారం

లారీ వెనక పలక వేసి ఉంది. బూ ఫహద్ కొడుకులు, వంటమనిషి, నీళ్ల ట్యాంకరు డ్రైవరు, చుట్టాలు కొందరు చూడ్డానికి నిలబడ్డారు. ఓబులేసుకి అప్పటికే తాళం ఇచ్చేశారు. ఎందుకిచ్చారో మాత్రం ఎవరూ చెప్పలేదు. ముహందిస్ చెబుతాడన్నారట. అతను అమెరికా కారుకి ఆనుకుని, తళతళలాడే చొక్కాలో, నేను గొర్రెల వెంట పడటం చూస్తున్నాడు.

"కాళ్లు పట్టుకోన్నా, మెడ కాదు! అబ్బో, కోనసీమ కాపరిని సూడండ్రా!"

ఒక పొట్టేలుని రెండు చేతులా ఎత్తి గుండెకు అదుముకుని అతని ముందుకు వెళ్లాను. దించితే పారిపోతుంది. దించకుండానే చెప్పాను. ఇంజన్ వెచ్చగా ఉన్న సంగతి, "ముమ్కిన్" సంగతి, నేను ఎవరికీ సర్దిచెప్పని సంగతి. పొట్టేలు నా చెవిలో అరుస్తూనే ఉంది.

ఓబులేసు ముఖంలో నవ్వు పోయింది. చేతిలో తాళం గట్టిగా పట్టుకున్నాడు. ఇసుకకేసి చూశాడు, కారుకేసి చూశాడు, నాకేసి చూశాడు.

"అయితే గీత కాడికే పోసినానా నేను?"

"గీత దగ్గరికే పోశావు."

"చలికాలమంతా నిద్ర పట్టలా న్నా నాకు." లారీవైపు వేలు చూపించాడు. "ఇంగోసారి సెప్పు. గట్టిగా సెప్పు. ఆ లారీ కాడ ఉన్నోళ్లకంతా ఇనపడాల."

పొట్టేలుని ఇంకాస్త పైకి ఎత్తి పట్టుకుని లారీవైపు తిరిగాను. ముందు హిందీలో అరిచాను, తర్వాత అరబీలో అరిచాను. అందరికీ వినపడ్డాక అతనివైపు తిరిగి తెలుగులో చెప్పాను: "నూనె నువ్వు సరిగ్గానే పోశావు ఓబులేసూ. తప్పంతా నాది. నీచేత గొర్రెలు కాయించింది నేనే. నన్ను క్షమించు."